మందను తోలు జాగిలము: ఇంటి పెంపకము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిబిరములో మా శాఖ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడినచోట మంచినీటిని గూర్చి, మురుగు కాలువలను గూర్చి, వీధి దీపములను గూర్చి మాటలాడుట వాడుక. నేడు మేము కుక్కలను గూర్చి మాటలాడ వచ్చితిమి. వినోదము కొఱకు ఎన్నుకొన్న విషయము కాదిది. పొరుగువాని కుక్క కరచినదని, రాత్రియంతయు మొరిగి నిద్ర పట్టనీయలేదని, కోళ్ళను చంపినదని, పెంచినవాడే ఊరి చివర విడిచిపోయినాడని వచ్చు ఫిర్యాదులు తుదకు చేరునది మీ కడకే. తీర్పు చెప్పవలసినవారు సంగతి తెలిసియుండుట మంచిది.

గడచిన కొన్ని యేండ్లుగా గ్రామములలో ఒక క్రొత్త వాడుక బయలుదేరినది. మేడ కట్టినవారు, అంగడి పెట్టినవారు, బిడ్డలు పట్టణమున ఉద్యోగము చేయుచున్నవారు విదేశ జాతి కుక్కపిల్లను కొనితెచ్చి, గేటు ప్రక్కన గొలుసుతో కట్టుచున్నారు. వానిలో తఱచుగా కానవచ్చునది మనము అల్సేషియన్ అని పిలుచు జర్మన్ షెపర్డ్. పోలీసు జాగిలములను చూచి బెల్జియన్ మాలినోయిస్ కావలెననువారు కలరు. బార్డర్ కోలీని కోరువారును కలరు. రూపము వేఱైనను ఈ మూడును ఒకే వృత్తికి చెందిన జాతులు. గొఱ్ఱెల మందలను తోలుటకై తరతరములుగా తీర్చిదిద్దబడినవి. ఈ సంగతి కొనువానికి తెలియదు; అమ్మువాడు చెప్పడు.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ జాగిలము పని చేయుటకు పుట్టినది. దానికి పనిని, నడకను, మనిషి తోడును ఇయ్యగలిగినవాడే దానిని ఇంటికి తేవలెను. ఇయ్యలేనివాడు తెచ్చినచో మొదట ఆ జంతువు, తరువాత పొరుగువారి పిల్లలు బాధపడుదురు.

కాచుట వేఱు, తోలుట వేఱు

గొఱ్ఱెలు మనకు క్రొత్త కాదు. 2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణ దేశమున మొదటి స్థానమున, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానమున నిలిచినవి. దేశములోని గొఱ్ఱెలలో దాదాపు సగము ఈ రెండు రాష్ట్రములలోనే యుండెను. గొల్ల, కురుమ సోదరుల మందల వెంట కుక్కలు నడచుట మీరు నిత్యము చూచునదే. వారు కొలుచు మల్లన్న దేవుని వెంటను జాగిలము కలదు.

అయితే మన మందల వెంట నడచు కుక్క చేయు పని కావలి. రాత్రివేళ తోడేలు మంద దరికి వచ్చినప్పుడు అది లేచి మొరుగును, ఎదురు నిలుచును, కాపరిని మేల్కొలుపును. గొఱ్ఱెలను ఇటునటు మళ్ళించు పని కాపరిదే. అతని నోటి అదిలింపు, చేతికఱ్ఱ అందులకు చాలును. కావలి కుక్క గొఱ్ఱెపిల్లల నడుమ పెరిగి, వానిలో తానొకటిగా మెలగును. పని లేనప్పుడు నీడన పండుకొని తృప్తిగా నుండును.

తోలు జాగిలము స్వభావము దీనికి భిన్నము. అది మందకు ఎదురుగా నిలుచును. దాని నడకలో, చూపులో వేటమృగము పోలిక కనబడును. తోడేలు వేటాడునప్పుడు చూచును, పొంచును, తరుమును, పట్టును, చంపును. గొఱ్ఱెల పెంపకందారులు అనేక తరములు శ్రమించి, చూచుట, పొంచుట, తరుముట అను మొదటి మూడింటిని నిలిపి, పట్టుట, చంపుట అను చివరి రెండింటిని అణచిన కుక్కలనే పెంపునకు ఎన్నుకొనిరి. పశువులను తోలు కొన్ని జాతులలో మడమను మునిపంట కరచు గుణమును కావలెననియే నిలిపిరి. అనగా తోలు జాగిలము గుండెలో వేట సగము వఱకు బ్రతికియే యున్నది. యజమాని ఆజ్ఞయే దానికి కళ్ళెము. ఆజ్ఞ నిచ్చువాడు లేనిచోట ఆ సగము వేట ఎటు పోవునో ఎవరును చెప్పలేరు.

ఈ జాతులు పుట్టిన విధము

బార్డర్ కోలీ ఇంగ్లండు, స్కాట్లండు దేశముల సరిహద్దు కొండలలో రూపొందినది. పేరులోని బార్డర్ అను మాటకు సరిహద్దనియే అర్థము. ఈ జాగిలములకు పోటీలు పెట్టు వాడుక బ్రిటనులో 1873లో వేల్సులోని బాలా అను ఊరిలో మొదలైనది. 1893లో నార్తంబర్లండు ప్రాంతమున ఆడమ్ టెల్ఫర్ అను కాపరి యింట ఓల్డ్ హెంప్ అను జాగిలము పుట్టినది. అది మొరుగక, కరవక, తీక్షణమైన చూపుతోనే గొఱ్ఱెలను కదలించెడిది. నేటి బార్డర్ కోలీలు దాని సంతతిగా లెక్కింపబడుచున్నవి. 1906లో అంతర్జాతీయ గొఱ్ఱెల జాగిలముల సంఘము ఏర్పడి, అందము కంటె పనితనమునకే విలువ ఇచ్చి వంశావళులను వ్రాయించినది.

ఈ జాతి తెలివి ఎంతటిదో ఒక ఉదాహరణము చాలును. అమెరికాలో దక్షిణ కెరొలినా రాష్ట్రమున జాన్ పిల్లీ అను ఆచార్యుడు చేజర్ అను బార్డర్ కోలీకి మూడేండ్లపాటు నిత్యము పాఠము చెప్పి 1,022 బొమ్మల పేర్లు నేర్పినాడు. పేరు చెప్పిన బొమ్మను అది వెదకి తెచ్చెడిది. ఈ పరిశోధన 2011లో ప్రకటింపబడినది. ఇంతటి బుద్ధి గల జంతువును గుంజకు కట్టి, రెండు పూటల అన్నము పడవేసినచో ఆ బుద్ధి ఏమి చేయునో ఆలోచింపుడు.

జర్మన్ షెపర్డ్ కథ మన పంచాయతీలకు మరింత దగ్గర. జర్మనీలో గొఱ్ఱెలను మేపు నేలకు, పైరు పొలములకు నడుమ కంచె లేని చోట్లు అనేకము. ఆ హద్దు వెంబడి జాగిలము పొద్దంతయు ముందుకును వెనుకకును తిరుగుచు, గొఱ్ఱె పైరులో కాలు పెట్టకుండ చూచెడిది. అనగా అది నడచు కంచె. మన ఊళ్ళలో పైరు మేసిన పశువును తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టుదురు. అక్కడ తగవు పుట్టకమునుపే ఆ జాగిలము అడ్డుపడెడిది. మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ అను సైనికాధికారి 1899లో ఒక కుక్కల ప్రదర్శనలో అటువంటి జాగిలము నొకదానిని చూచి కొని, హోరాండ్ అని పేరు పెట్టి, దానితోనే ఈ జాతిని స్థాపించెను. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున జర్మనీ పేరు గిట్టక ఇంగ్లీషువారు దీనిని అల్సేషియన్ అనిరి. ఆ దేశపు కెనెల్ క్లబ్బు 1977లో అసలు పేరును తిరిగి అనుమతించినది. మన నోట మాత్రము పాత పేరే నిలిచినది.

ఇంటిలో ఆ స్వభావము కనబడు తీరు

ఊరిలో గొఱ్ఱెల మంద లేకపోవచ్చును. కదలెడివి లేకపోవు. బడి విడిచిన పిల్లలు పరుగెత్తుదురు. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు గేటు ముందునుండి పోవును. కోళ్ళు, మేకపిల్లలు, దూడలు తిరుగును. తోలు జాగిలమునకు ఇవన్నియు చెదరిపోవుచున్న మందవలె తోచును. తరుమవలెనను తలపు పుట్టును. పిక్కకో, మడమకో పంటిగాటు పెట్టును. చూచువారు దీనిని పొగరనుకొందురు. అది పూర్వుల నుండి వచ్చిన పని, తప్పుచోట బయటపడినది.

రెండవ గుణము మెలకువ. ఆకు కదలినను చెవులు నిక్కించును. క్రొత్తవారిని నమ్మదు. మొరుగు కుక్క కరవదను సామెతను నమ్మి ముందుకు పోయినవారు దెబ్బతినిరి. మొరుగుట హెచ్చరిక. హెచ్చరికను లక్ష్యపెట్టనిచో కాటు రావచ్చును.

మూడవ గుణము మనిషిపై మక్కువ. ఇది పొద్దంతయు కాపరి వెంట నడచిన జాతి. ఇంటివారు ఎచ్చటనుందురో అచ్చటనే తానుండగోరును. ఒంటరిగా పెరటిలో విడిచినచో మట్టి త్రవ్వును, తలుపు గోకును, తన పాదములను తానే నాకి పుండు చేసికొనును, రోజంతయు మొరుగును.

మంచి చెప్పకపోవుట న్యాయము కాదు. ఈ జాతులు మాటను త్వరగా గ్రహించును. ఇంటి పిల్లలతో పెరిగి, సరియైన శిక్షణ పొందినచో నమ్మకమైన తోడుగా నిలుచును. పొలమునకు నడచి పోవు రైతుకు, తోట కాపలా యున్న కుటుంబమునకు, రోజునకు గంట రెండు గంటలు దీనితో గడుపగల యువకునికి ఇది తగిన జంతువే.

గొలుసు కథ

మేము ప్రచార వాహనముతో పోయిన ఒక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదము. ఊరి పేరు, మనుష్యుల పేర్లు అక్కరలేదు. ఎరువుల దుకాణము యజమాని ఒకరు అల్సేషియన్‌ను రెండేండ్లుగా గేటు ప్రక్కనున్న స్తంభమునకు కట్టి పెంచుచుండిరి. గొలుసు రెండు మూరలు. స్తంభము చుట్టును కుక్క తిరిగి తిరిగి నేల గుండ్రముగా అరిగి గుంత పడెను. ఒకనాటి సాయంకాలము గొలుసు తెగినది. ఆరవ తరగతి చదువు బాలుడు సైకిలుపై పోవుచుండగా వెంటాడి పిక్క కరచినది.

ఆ బాలుని తండ్రి కూలి చేసికొని బ్రతుకువాడు. టీకాల కొఱకు పిల్లవానిని ఆసుపత్రికి నాలుగు మారులు తీసికొనిపోయెను. నాలుగు దినముల కూలి పోయినది. బస్సు ఖర్చులు అదనము. పంచాయతీ కూడినది. కొందఱు కుక్కను చంపవలెననిరి. కొందఱు దూరపు రోడ్డుమీద విడిచి రావలెననిరి. సర్పంచి ఒక వృద్ధ రైతు. యజమానిని పిలిచి, "నాయనా, దీనిని ఎన్నడైన నడిపించితివా?" అని అడిగిరి. "కావలి కుక్కకు నడక యెందుకండీ?" అని ఆయన బదులు చెప్పెను. అప్పుడు సర్పంచి ఇట్లనిరి: "కోడెను రెండేండ్లు గుంజకు కట్టి మేపి, ఒకనాడు విడిచినచో అది నెమ్మదిగా నడచునా? తప్పు కోడెదా, కట్టినవానిదా?"

తీర్మానము చిన్నది. బాలుని వైద్యపు ఖర్చును, తండ్రి పోగొట్టుకొన్న కూలిని యజమాని చెల్లించవలెను. కుక్కను పది దినములు వేఱుగా నుంచి పశువైద్యునికి చూపవలెను. తరువాత పెరటికి గోడ పెట్టి అందులో విడువవలెను. ఉదయము, సాయంకాలము తోలుపట్టీ వేసి నడిపింపవలెను. వీధిలోనికి తెచ్చునప్పుడు మూతికి చిక్కము వేయవలెను. ఆరు మాసముల తరువాత మేము మరల ఆ దారిన పోయితిమి. మరల ఎవరిని కరవలేదని చెప్పిరి. సైకిలు కనబడినప్పుడు గుఱ్ఱుమనుట మాత్రము మానలేదు. చెడిన అలవాటు కొంతయే సరియగును. మొదటినుండి చెడకుండ చూచుటయే మేలు.

చట్టమును ఈ సర్పంచి మాటవంటిదే చెప్పుచున్నది. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము 11వ విభాగము ప్రకారము మితిమీరి పొట్టిగానో, బరువుగానో ఉన్న గొలుసుతో జంతువును కట్టివేయుట నేరము. నిత్యము కట్టియుంచు కుక్కకు తగిన నడక ఇయ్యకపోవుట నేరము. ఆకలికి, దప్పికకు లోనగునట్లు జంతువును విడిచిపెట్టుట నేరము. విషము పెట్టి చంపుటయు నేరమే.

పెంపకపు పద్ధతులు

పిల్లను ఎనిమిది వారములు నిండకమునుపు తల్లినుండి వేఱుచేయరాదు. తల్లిని చూడకుండ కొనరాదు. తల్లి పిరికిదైనను, కరచునదైనను పిల్లలో ఆ గుణము వచ్చు అవకాశము హెచ్చు. మూడవ వారము మొదలు దాదాపు పదునాలుగవ వారము వఱకు కుక్కపిల్ల లోకమును నేర్చుకొను కాలము. ఆ దినములలో పిల్లలను, వృద్ధులను, సైకిలును, ట్రాక్టరు చప్పుడును, కోళ్ళను, మేకలను మెల్లమెల్లగా చూపి అలవాటు చేసినచో పెద్దదైన తరువాత వానికి బెదరదు. టీకాలు పూర్తి కానంతవఱకు చంకనెత్తుకొని చూపవలెను. వీధికుక్కల నడుమ దింపరాదు.

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అను సామెత శిక్షణలో పనికిరాదు. కొట్టిన చేతికి ఈ జాతి భయపడును, భయపడిన కుక్కయే ముందుగా కరచును. చేయవలసిన పని చేసినప్పుడు వెంటనే మెచ్చి ఒక ముక్క పెట్టుట సులభమైన దారి. పిలిచిన రావలెను, చెప్పిన కూర్చుండవలెను, విడువుమన్న విడువవలెను. ఈ మూడు ఆజ్ఞలు నేర్వని తోలు జాగిలమును వీధిలోనికి తేరాదు.

నడక నిత్యము రెండు పూటల కలసి గంటకు తగ్గరాదు. బార్డర్ కోలీ, మాలినోయిస్ జాతులకు అదియు చాలదు. వస్తువును దాచి వెదకించుట, విసరి తెప్పించుట వంటి బుద్ధికి పని పెట్టు ఆటలు కావలెను.

మన వేసవి వీనికి శత్రువు. ఈ జాతులకు రెండు పొరల బొచ్చు కలదు. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుటయే చల్లబడు మార్గము. అందుచేత ఎండలో నడపరాదు. తెల్లవాఱు జామున, ప్రొద్దు గ్రుంకిన తరువాత నడపవలెను. అఱచేతిని నేలపై ఆనించి కొంతసేపు ఉంచలేనిచో కుక్క పాదమును ఉంచలేదు. నీడ, గాలి, ఎల్లవేళల మంచినీరు ఉండవలెను. చల్లదనము కొఱకని బొచ్చును పూర్తిగా గొరిగించుట తప్పు. ఆ బొచ్చు ఎండను కూడ ఆపును. వారమునకు రెండు మూడు మారులు దువ్వినచో చాలును. విపరీతముగా రొప్పుచు, చొంగ కార్చుచు, తూలిపోవుచున్నచో వడదెబ్బ యని గ్రహించి, నీడకు తెచ్చి, నీటితో ఒడలు తడిపి, విసరుచు, వైద్యుని పిలువవలెను.

ఆహారమున పాలన్నము ఒక్కటే చాలదు. కోడిగ్రుడ్డు, మాంసము, చేప వంటివి కొంత తప్పక ఉండవలెను. ఇంటి పులుసులు, కూరలు పెట్టుట మనకు వాడుక. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమునకు హాని చేయును. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషతుల్యములు. ఉడికిన కోడి యెముకలు చీలి పేగులను గ్రుచ్చును. పెద్ద జాతి పిల్లను అతిగా మేపి లావెక్కించరాదు. జర్మన్ షెపర్డ్‌లో తుంటి కీలు సరిగా అమరకపోవు వ్యాధి వంశమునుండి వచ్చుచుండును. బరువు హెచ్చినకొలది అది బాధించును.

టీకాల వరుస ఇది. ఆఱు, ఎనిమిది వారముల వయసున పార్వో, డిస్టెంపర్ వ్యాధుల టీకా మొదలిడి, మూడు నాలుగు వారముల కొకసారి పదునాఱు వారములు నిండువఱకు వేయించవలెను. మూడు మాసములకు రేబీసు టీకా, ఆ మీదట ఏటేట వైద్యుడు చెప్పినట్లు వేయించవలెను. నట్టల మందు, పిడుదులకు మందు వేళ తప్పరాదు. పిడుదుల వలన వచ్చు జ్వరము కుక్క ప్రాణమును తీయగలదు.

కాపరి సోదరులకు ప్రత్యేక హెచ్చరిక

గొఱ్ఱెలకు, మేకలకు నట్టలు, పిడుదులు పోవుటకు ఐవర్‌మెక్టిన్ సూదిమందు వేయుట మన పల్లెలలో సాధారణము. సీసాలో మిగిలినదానిని ఇంటి కుక్కకు వేయువారు కలరు. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్ వంటి తోలు జాతులలో అనేక కుక్కలకు పుట్టుకతో ఒక జన్యులోపము కలదు. ఈ లోపమును శాస్త్రజ్ఞులు 2001లో కనుగొనిరి. ఆ లోపము గల కుక్కలో మందు మెదడులోనికి చొరబడి, తూలుట, చూపు పోవుట, స్పృహ తప్పుట సంభవించి, మరణము కలుగవచ్చును. జర్మన్ షెపర్డ్‌లలోను కొన్నింటికి ఈ లోపము కలదు. సంకర జాతి కుక్కలకును రావచ్చును. కావున గొఱ్ఱెల మందును, గొఱ్ఱెల మోతాదును కుక్కకు వాడనే వాడరాదు. పశువైద్యుడు కుక్కను చూచి ఇచ్చిన మందే వాడవలెను.

కాటు పడినప్పుడు

ఇంటి కుక్కయైనను, వీధి కుక్కయైనను, పిల్ల కుక్కయైనను కాటు కాటే. రేబీసు లక్షణములు బయటపడిన తరువాత మనిషిని దక్కించుకొనుట దాదాపు అసాధ్యము. బయటపడకమునుపు టీకా తప్పక కాపాడగలదు. 1885 జూలై 6న పారిసు నగరమున లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అను బాలునికి ఈ టీకా మొదలిడి బ్రతికించెను. ఆ బాలుడు అల్సాస్ సీమవాడు. మన గేటు కడ కట్టిన కుక్కకు పెట్టిన పేరు కూడ ఆ సీమదే.

కాటు పడిన తోడనే పుండును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. ఇంతసేపు కడుగుట విసుగనిపించును. ప్రాణము నిలుపు మొదటి పని అదియే. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోవలెను. పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను మాటకు జనులు భయపడెడివారు. ఆ పాత టీకాను మన దేశము విడిచి ఇరువది యేండ్లు దాటినది. నేడు భుజమునకు ఇచ్చు కొలది సూదులే. అయితే చెప్పిన దినములన్నింటను తప్పక వేయించవలెను. రెండు వేసి మానినచో రక్షణ పూర్తి కాదు. లోతైన గాయములకు, తలపై, ముఖముపై, చేతులపై పడిన గాట్లకు పుండులోనే వేయు మఱియొక మందు కలదు. దానిని వైద్యుని అడుగవలెను. కుక్కను చంపక పది దినములు కనిపెట్టి చూడవలెను. ఆ గడువుకై టీకాను ఆపరాదు.

పిల్లలకు బడిలోనే కొన్ని మాటలు నేర్పింపుడు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలున్న తల్లికుక్కను కదలింపరాదు. తరుము కుక్క ముందు పరుగెత్తరాదు. చేతులు దించి, కదలక నిలిచి, దాని కండ్లలోనికి చూడక యుండవలెను. పరుగెత్తు దానిని తరుముటకే పుట్టిన జాగిలము నిలిచినదానిని చూచి తఱచుగా చల్లబడును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది లెక్క. ఊరిలో పెంపుడు కుక్క లెన్ని, ఎవరివి, రేబీసు టీకా ఎప్పుడు వేయించిరి అను మూడు వివరములు ఒక పుస్తకమున వ్రాయించుట పంచాయతీ కార్యదర్శికి పెద్ద పని కాదు. కాటు జరిగిననాడు ఆ పుస్తకమే సగము తగవును తీర్చును.

రెండవది శిబిరము. సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబీసు దినముగా జరుపుచున్నారు. మండల పశువైద్యునితో మాటలాడి ఏటేట ఆనాడు ఊరిలోనే టీకాలు వేయించుడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము పెంపుడు కుక్క టీకాలు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స యజమాని బాధ్యత. వీధికుక్కల విషయమున అది స్థానిక సంస్థల బాధ్యత. అమ్మబోయి అమ్ముడుపోని పిల్లలను వీధిలో విడుచుట వలన మీ భారమే పెరుగును. పెంపుడు కుక్కకు శస్త్రచికిత్స చేయించుట యజమానికిని, ఊరికిని మేలు.

మూడవది మాట. విదేశ జాతి పిల్లను తెచ్చుకొనదలచినవాడు మీ సలహా అడిగినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. రోజునకు గంట దానితో నడచువారు ఇంటిలో ఎవరు? వేసవిలో దానికి నీడ ఏది? ఏటి పొడవునను తిండికి, మందులకు డబ్బు కలదా? పది పన్నెండేండ్లు దానిని చూచుకొందురా? ఒక్కదానికి జవాబు లేకపోయినను వలదని చెప్పుడు. గేటు కడ మొరుగుటయే కావలసినచో మన ఊరి కుక్కయే చాలును. దాని పొట్టి బొచ్చు మన ఎండకు సరిపోవును. ఒక పిల్లను చేరదీసి, టీకాలు వేయించి, కడుపునిండ పెట్టినచో కృతజ్ఞతలో అది ఏ జాతికిని తీసిపోదు.

సోదరులారా, మందను తోలు జాగిలము చెడ్డది కాదు. వందల యేండ్లుగా అది ఉదయమున లేచి, మనిషి వెంట కొండలెక్కి, సాయంకాలమునకు గొఱ్ఱెలన్నింటిని దొడ్డికి చేర్చి, ఆ తరువాతనే పండుకొన్నది. అటువంటి పనివానిని పని లేకుండ కట్టివేసి, కరచినదని శిక్షించుట మనకు తగదు. మీ గ్రామములకు పోయిన తరువాత ఒక్క పని చేయుడు. గేట్ల ప్రక్కన పొట్టి గొలుసులు ఎన్ని యున్నవో చూచి రండు. వచ్చు సమావేశమున ఆ లెక్కను చదువుడు. అక్కడినుండి ఏమి చేయవలెనో మీరే తేల్చుకొనగలరు.